నేను కట్టిన కొత్త బాణీలు

ఉన్న నాలుగు పాటల్నే జీవితాంతం వాయించేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. వేలూరులో ఇరవై రెండేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. తొరపాడిలో మా మేడమీది గదిలో కూర్చొని కట్టిన పాటలు అరక్కోణం నుంచి తిరుపత్తూరు దాకా ఎన్నో పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో మోగాయి. మైకు పట్టుకున్నవాడు "ఇప్పుడు మన మాస్టరు కొత్త బాణీ" అని తమిళంలో చెప్పినప్పుడల్లా కాలరు సర్దుకోవాలనిపించేది. సర్దుకునేవాణ్ణి కూడా.

గుడియాత్తంలో మా చుట్టాల పెళ్లిళ్లన్నిటికీ ఒకే నాదస్వరం పెద్దాయన వచ్చేవాడు. ఆయన దగ్గర ఉన్నవి నాలుగు పాటలు. పెళ్లికొడుకు కారు దిగితే ఒకటి, పిల్లకు నలుగు పెడితే ఒకటి, పీటల మీదికి వస్తే ఒకటి, అన్నాలప్పుడు ఒకటి. మా అక్క పెళ్లికీ అవే, నా పెళ్లికీ అవే. ఒకసారి భోజనాల బంతిలో ఆయన పక్కన కూర్చున్నప్పుడు ఉండబట్టలేక అడిగేశాను, ఐదో పాట నేర్చుకోవడానికి ఇంకా మంచిరోజు కుదరలేదా అని. ఆయన కోపపడలేదు. పెళ్లికొడుకు కొత్త, పెళ్లికూతురు కొత్త, పాట కూడా కొత్తదైతే ఇది పెళ్లని వచ్చినవాళ్లకు ఎట్లా తెలుస్తుందని రసంలో అన్నం కలుపుకుంటూ అన్నాడు. ఆ మాటను నేను మా ట్రూపులో ఏళ్ల తరబడి హాస్యంగా చెప్పుకొని తిరిగాను.

మాది తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. మా ఇళ్లలో పెళ్లంటే మేళమూ ఆడవాళ్ల పాటలూ అంతే. కీబోర్డును గడప తొక్కనివ్వరు. అందుకని ఊరూరా మోగిన నా పాటల్ని మా ఇంటి ముసలివాళ్లూ అక్కా మాత్రం వినలేదు. వాళ్లకు ఫోనులో వెతుక్కోవడం రాదు, కూర్చోబెట్టి వినిపించే ఓపిక నాకు లేదు.

ఈ ఏడాది మా అక్క కూతురి పెళ్లి కుదిరింది. అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, ఆమెకు పదమూడు. నన్ను సాకింది అక్కా, మా మేనత్తా. అక్కకు ఉన్నది ఒక్కతే కూతురు. సంబంధం తిరుపత్తూరువాళ్లది. వాళ్లూ తెలుగువాళ్లే, కలిగినవాళ్లు, మంచివాళ్లే గాని శకునాలంటే ప్రాణం పెడతారు. పిల్లను చూడడానికి బయల్దేరినప్పుడు పిల్లి ఎదురైందని సగం దారిలో కారు తిప్పుకొని వెళ్లిపోయి, మళ్లీ వారానికి వచ్చారు. మూడుముళ్లూ పడేదాకా అక్కకు కంటిమీద కునుకు లేదు.

నలుగు పాటలు పాడడానికి మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. ఒకప్పుడు అన్నీ మేనత్తే పాడేది, ఎనభై దాటాక ఆమె గొంతు పోయింది. ఆడవాళ్లు పాడకపోతే నలుగు బోసిగా ఉంటుంది, నువ్వు ఏదైనా వాయించరా అని అక్క అడిగింది. ఆ ఒక్క మాట కోసం ఇరవై రెండేళ్లుగా కాచుకొని ఉన్నవాణ్ణి. ఆ నాదస్వరం పెద్దాయన్ను నలుగు అయ్యేదాకా బయటే కూర్చోమని నేనే చెప్పాను. పదిహేను రోజులు కూర్చొని మేనకోడలి కోసం ఒక బాణీ కట్టాను. నా జన్మలో అంత మంచిది కట్టలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

పెళ్లిరోజు పొద్దున ఏడింటికి మండపంలో పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. మావైపు పెద్ద ముత్తైదువలు ఇద్దరు పసుపు, నలుగుపిండి పట్టుకొని వంగారు. మగపెళ్లివాళ్ల ఆడవాళ్లు చుట్టూ నిలబడ్డారు. మేనత్త ఓ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నేను మొదలుపెట్టాను.

పాట రెండో పాదానికే ముత్తైదువల చేతులు పిల్ల చెంపల దగ్గర ఆగిపోయాయి. ఒకామె చెయ్యి వెనక్కి తీసుకొని కొంగుకు తుడుచుకుంది. మేనత్త కుర్చీ పట్టుకొని లేచి నిలబడింది. పాట వాళ్లను కదిలించిందనుకున్నాను. అనుకొని, ఏం చెప్పమంటారు, సౌండు ఇంకొంచెం పెంచాను.

అక్క గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"ఆపరా. అది అమ్మ పోయిన పొద్దు అత్త పాడిన ఏడుపు పాట."

మావైపు చావింట్లో ఆడవాళ్లు భుజాలమీద చేతులు వేసుకొని గుండ్రంగా కూర్చొని పాడుతూ ఏడుస్తారు. తమిళంలో ఒప్పారి అంటారు. ఒక్కో ఇంటికి ఒక్కో వరస. శవం లేనప్పుడు ఆ వరసను కూనిరాగంగా కూడా తియ్యకూడదు, పిల్లలు తీస్తే మూతిమీద కొడతారు. అలాంటిదాన్ని నేను పెళ్లికూతురి నెత్తిమీద రెండు పెద్ద స్పీకర్లు పెట్టి మోగించాను.

ఏమైందని పెళ్లికొడుకు తల్లి అడిగింది. వాళ్లింటి వరస వేరు కాబట్టి ఆమెకు తెలియలేదు. చేతులు ఆగడం మాత్రం చూసింది. వైరు లూజైందని అక్క నవ్వుముఖం పెట్టి చెప్పి, నావైపు తిరిగి వేరేది వాయించమని కళ్లతోనే బతిమాలింది. వేలూరులో జనం ఈలలు వేసే హుషారు పాట ఎత్తుకున్నాను. ముత్తైదువల చేతులు లేవలేదు. మేనత్త తల అడ్డంగా ఊపింది. అది ఆపి, ఏ ఉత్సవంలోనైనా మొదట వాయించే అమ్మవారి పాట అందుకున్నాను.

ఈసారి నాకే వినిపించింది. పై స్వరం నుంచి మూడు మెట్లు దిగడం, అక్కడ ఊపిరి పట్టుకోవడం, మళ్లీ దిగడం. వేగం మార్చాను, తాళం మార్చాను, వేణువు తీసి వయొలిన్ పెట్టాను, కింద ఉన్నది మాత్రం అదే. మనసులో ఒక్కో పాటనీ గబగబా తిరగేశాను. అన్నీ అవే మెట్లు దిగాయి. గురివింద గింజ తన కింది నలుపెరగదని ఎంతమందినో ఎద్దేవా చేసినవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా ఊరూరి పెళ్లిళ్లలో మా అమ్మ చావును వాయించానా అనిపించింది. నా దగ్గర ఇంకో పాట లేదు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, అక్క చేతులు నలుపుకుంటోంది, నేను మీటల మీద వేళ్లు పెట్టుకొని కొయ్యబారి కూర్చున్నాను.

అక్కే వాకిట్లోకి వెళ్లి మేళం పెద్దాయన్ను పిలుచుకొచ్చింది. ఆయన నావైపు ఒకసారి చూశాడు. నాదస్వరం పీకను నోట్లో పెట్టుకొని తడిపి, తన నాలుగు పాటల్లోంచి నలుగు పాట అందుకున్నాడు. ముత్తైదువలు మళ్లీ పసుపులో చెయ్యి ముంచారు. పెళ్లికొడుకు తల్లి తెలిసిన పాట కావడంతో కుదుటపడి తల ఊపుతూ తనూ కొంచెం పిండి తీసుకొని పిల్ల చేతులకు పూసింది. ఆ పాట విని నాకు ప్రాణం లేచొచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను. పెళ్లి సజావుగా జరిగిపోయింది.

భోజనాలయ్యాక మేనత్త వెనక వరండాలో ఒక్కతే కూర్చొని ఉంది. కిందే చతికిలబడి, నాలుగేళ్లవాడికి అదెట్లా గుర్తుందని అడిగాను. అమ్మ ముఖమే నాకు గుర్తు లేదు.

"పదకొండు దినాలు పాడితిని. నువ్వు నా ఒళ్లోనే ఉంటివి. ఏడ్చను గూడా లేదు నాయనా, ఆ పాటకు నిద్రపోతా ఉంటివి. ఆపితే లేస్తావని ఇంగా పాడినా."

ఆ పాటలో మాటలేమిటో చెప్పమన్నాను. అమ్మ గురించి ఏం పాడిందో ఒక్కసారి వినాలనిపించింది. అత్త ఒప్పుకోలేదు. పీనుగ లేకుండా ఆ మాటలు నోట్లోకి తేకూడదంది. మీ అక్కకూ రావు, ఎవరికీ నేర్పలేదు అంది. నేను ఎంత బతిమాలినా అంతే. ఆ మాటలు ఆమెతోనే పోతాయి, నాకు వరస ఒక్కటే మిగులుతుంది. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది.

అత్త నా తలమీద చెయ్యి పెట్టింది. పసుపు వాసన.

"గొంతు పోయినప్పట్నించీ నాకు ఒకటే బయం, నేను పోతే పాడేదానికి మనింట్లో ఎవురుండారని. ఈ పొద్దు నీ పాట ఇన్నాక ఆ బయం పొయ్యింది. నేను పోయిన పొద్దు ఆ మిషను ఎత్తుకొని రా. ఆ పొద్దు మాత్రం కొత్తగా ఏమీ కట్టొద్దప్పా, ఎట్ల ఉండాదో అట్లనే వాయించు."

సరే అత్తా, అన్నాను.