ఎమ్మెల్యే పోసిన దోసె

అమ్మణి జాకెట్లు కుడుతుంది. తొండియార్‌పేటలో తాతల నాటి ఇల్లు. ముందు గదిలో మిషను, వాకిట్లో చేతి పంపు. పంపు వీధి నీళ్ల పైపుకు కలిసి ఉంటుంది. రెండేళ్లుగా అది కొడితే మొదట మురుగు కంపు కొట్టే పసుపుపచ్చ నీళ్లు వస్తున్నాయి. మూడు బిందెలు పారబోస్తే తేటబడతాయి గాని వాసన పోదు. కిందటి వానల్లో వీధిలో పదకొండు మందికి కామెర్లు వచ్చాయి. వాళ్లలో అమ్మణి మొగుడొకడు. నెలన్నర పనికి పోలేకపోయాడు.

మురుగు పైపూ నీళ్ల పైపూ పక్కపక్కనే తుప్పుపట్టి ఉన్నాయని, కొత్తవి వేయాలంటే పైనుంచి ఆర్డరు రావాలని నీళ్ల ఆఫీసు ఇంజనీరు చెప్పాడు. అప్పట్నుంచి అమ్మణి ప్రతి సోమవారం అర్జీ పట్టుకొని పోతూనే ఉంది. ఇల్లిల్లూ తిరిగి నలభై మూడు సంతకాలు పెట్టించింది. అందరికంటే చివర పెట్టింది ఎదురింటి భువనేశ్వరి. ఆమె ఇంట్లో క్యాన్ నీళ్లు వాడతారు.

ఎన్నికలొచ్చాయి. ఓట్లడగడానికి వచ్చినవాళ్లు కెమెరాల ముందర టీ కాయడం, బట్టలు ఇస్త్రీ చేయడం, దోసె పోయడం ఈ ఊళ్లో మామూలే. ఎమ్మెల్యే రేపు వస్తాడనగా పార్టీవాళ్లు దోసె పోయడానికి ఇల్లు వెతుకుతూ మొదట అమ్మణి ఇంటికే వచ్చారు. ఆమె మిషను మూలకు జరిపి, గుమ్మానికున్న తోరణం సర్దింది. ఎమ్మెల్యే కింద కూర్చుంటే అర్జీ చేతికివ్వడం ఎంతసేపు అనుకుంది. వచ్చినవాళ్లలో ఒకడు పంపు దగ్గర ఆగి ముక్కు చిట్లించాడు. వాసనగా ఉందమ్మా, కెమెరావాళ్లు ముక్కు మూసుకుంటే బాగుండదు అన్నాడు. వీధి దాటి భువనేశ్వరి ఇంట్లోకి పోయారు.

మర్నాడు అమ్మణి ఒక చేత్తో అర్జీ, ఒక చేత్తో పంపు నీళ్ల సీసా పట్టుకొని భువనేశ్వరి కిటికీ దగ్గర నిలబడింది. ఫోటోలో పడుతుందని పార్టీ ఆడమనిషి ఆ సీసా కింద పెట్టించింది. లోపల ఎమ్మెల్యే పోసిన మొదటి దోసె పెనానికి అతుక్కుపోయింది. భువనేశ్వరి దాన్ని గీకేసి, ఇంకొకటి తనే పోసి, అట్లకాడ ఆయన చేతికిచ్చింది. అప్పుడు ఫోటోలు తీశారు. ఆయన తిని, చేయి కడుక్కొని, జనంతోపాటు అవతలి సందులోకి వెళ్లిపోయాడు. అర్జీ అమ్మణి చేతిలోనే ఉండిపోయింది.

మూడు రోజులు టీవీల్లో ఆ దోసే. ఒక ఛానెల్ దాని చుట్టూ ఎర్రగీత గీసి గుండ్రంగా ఉందా లేదా అని చూపించింది. అంచు మాడిందని అవతలి పార్టీవాళ్లు, మాడలేదని వీళ్లు సాయంత్రమంతా వాదించుకున్నారు. భువనేశ్వరి ఐదు ఛానెళ్లలో కనబడింది. ఐదు చీరలు, అమ్మణి లెక్కపెట్టింది. నాలుగో చీర జాకెట్టు కుట్టింది ఆమే. రేపు పొద్దున్నే కావాలక్కా, టీవీవాళ్లు వస్తా ఉండారు అని భువనేశ్వరి గుడ్డ ఇచ్చి, ఇంకేదో చెప్పబోయినట్టు నిలబడి వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లుగా కొలత చూడకుండా కుట్టగల జాకెట్టు. అమ్మణి చంక దగ్గర అరంగుళం బిగించి కుట్టింది.

నాలుగో రోజు విజి అనే రిపోర్టరు అమ్మణి వాకిట్లోకి వచ్చింది. అమ్మణి పైపుల సంగతి, కామెర్ల సంగతి వరుసగా చెప్పింది. పంపు కొట్టి చూపించింది. విజి ఓపిగ్గా విన్నది. మైకు దించబోతూ, ఎదురిల్లే కదా, దోసె పోస్తుంటే చూశారా అని అడిగింది.

చూడలేదంటే సరిపోయేది.

"ఆయన యాడ పోసినాడు? భువన పోసి చేతికిచ్చింది. ఆయన పట్టుకున్నాడు, అంతే."

ఆ సాయంత్రం నుంచి ఆ ముక్కే వేశారు. పంపు ఆమె వెనక కనబడుతూనే ఉంది, దాని గురించి ఆమె అన్న మాట ఒక్కటీ లేదు. అమ్మణి అది గమనించింది. అయినా ఛానెల్ మార్చి మార్చి చూసుకుంది. కూరగాయల బండి దగ్గర ఇద్దరు ఆమెను గుర్తుపట్టారు.

పొద్దున భువనేశ్వరి వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"ఆయన తినేటప్పుడు పైపు మాట నేనే ఎత్తినాక్కా, ఆ గోలలో నీకు వినబడుండదు. గురువారం నిన్ను పిలుచుకొని రమ్మని పీఏ కృష్ణస్వామి చెప్పినాడు. గుడ్డ ఇయ్యను వచ్చినప్పుడే చెప్దామనుకుంటి, నీ మొగం చూస్తే నోరు రాలే."

"మరి టీవీలో చెప్పకపోతివే, అంతసేపు మాట్లాడితివి కదా," అంది అమ్మణి.

"చెప్పినా. ఐదు చోట్లా చెప్పినా. యాడ వేసినారు?"

భువనేశ్వరి ఆ మాట అయిదుసార్లు అని ఉంటుందన్నది అమ్మణికి చీరలకంటే ఎక్కువ గుచ్చుకుంది.

గురువారం ఇద్దరూ పార్టీ ఆఫీసుకు పోయారు. కృష్ణస్వామి భువనేశ్వరికి కుర్చీ వేయించాడు, అమ్మణి నిలబడింది. అతను అర్జీ చదవకుండానే పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. ఓట్లయ్యాక కదిలే మొదటి ఫైలు ఇదేనన్నాడు. ముందు ఈ దోసె గొడవ ముగియాలని, అది అమ్మణి నోటితోనే ముగిస్తే బాగుంటుందని ఫోను తీసి వీడియో పెట్టాడు. భువనేశ్వరి అమ్మణి కొంగు సర్ది, పక్కన నిలబడి భుజం మీద చేయి వేసింది.

"దోసె ఎమ్మెల్యేగారే పోసినారు. నేను కిటికీ కాడ ఉండా, సరిగ్గా కనబడలే," అంది అమ్మణి.

ఇంటికి చేరేసరికే అది ఛానెళ్లలో వచ్చింది. మాట మార్చిన ఎదురింటి మహిళ అని కింద అక్షరాలు. పక్కన నవ్వుతున్న భువనేశ్వరి.

కాసేపటికి విజి ఫోను చేసింది. రేపు స్టూడియోలో చర్చ ఉందని, ఇద్దరూ వచ్చి ఎదురెదురుగా కూర్చోవాలని, కారు పంపిస్తామని చెప్పింది. పైపు సంగతి అడుగుతారా అంది అమ్మణి. చివర్లో టైం ఉంటే చూద్దామంది విజి. పోతే మళ్లీ దోసె మాటే వస్తుందని, మళ్లీ నోరు జారితే కృష్ణస్వామి ఆ ఫైలు తెరవడని అమ్మణికి తెలుసు. వద్దని చెప్పడానికే నోరు తెరిచింది.

ఎదురు గడపలో భువనేశ్వరి కూడా ఫోను చెవికి పెట్టుకొని తల ఊపుతోంది.

"ఆమెకు నీళ్ల సంగతి ఏం తెలుసు?" అంది అమ్మణి ఫోనులో. "నేనొక్కదాన్నే వస్తా. కారు ఎన్ని గంటలకు పంపిస్తారు?"