పదకొండు దాకా నిన్నే

ఆమె గదిలో పొద్దున్న పదకొండు గంటల దాకా నిన్నే నడుస్తుంది. ఇది కవిత్వం కాదు, ఉద్యోగం. ఆమె పనిచేసే కంపెనీ పదకొండు గంటలు వెనకున్న మరో దేశంలో ఉంది. ఇక్కడ తెల్లవారి ఐదింటికి ఆమె కుర్చీలో కూర్చుంటే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరు. ల్యాప్‌టాప్‌లో అక్కడి టైమే, ఫోన్లో అక్కడి టైమే. ఫోను ఇక్కడి టైముకి మారిందంటే ఆమె ఎక్కడుందో కంపెనీ యాప్‌కి ఉప్పందుతుంది. చివరికి గోడ గడియారాన్ని కూడా దారికి తెచ్చేసింది. ఒకే గదిలో రెండు టైములుంటే తలతిరుగుడు.

పనేమిటంటే, డాక్టర్లు గబగబా చెప్పి రికార్డు చేసిన మాటల్ని యంత్రం రాసిపెడుతుంది, ఆ రాతలో తప్పులు ఈమె దిద్దుతుంది. మందు మోతాదులు, తేదీలు, కుడి కాలా ఎడమ కాలా. కాలి కింద పెడల్ ఉంటుంది. తొక్కితే మాట ఆగుతుంది, మడమతో నొక్కితే వెనక్కి వెళ్తుంది. ఆరేళ్ళు తొక్కీ తొక్కీ, ఎవరైనా తొందరగా మాట్లాడితే చాలు, బస్సులో ఉన్నా సంతలో ఉన్నా ఆమె కుడి మడమ దానంతటదే కదులుతుంది. ఎవరి ప్రాణం మీదికో వచ్చే తప్పులు రోజుకి నాలుగైనా పట్టుకుంటుంది. అయినా కంపెనీ కాగితాల్లో ఆమె ఉద్యోగి కాదు, ‘సేవల భాగస్వామి’. భాగస్వామి అంటే ఏదో వాటా ఉందనుకునేరు. జ్వరమొస్తే సెలవు లేని పనికి పెట్టిన ముద్దు పేరది.

ముప్పై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆమెకి తనదంటూ ఒక తాళంచెవి లేదు. హాస్టల్ గదులు, తర్వాత అన్న ఇంట్లో ముందుగది. భోజనాల వేళకి బల్ల మీద ల్యాప్‌టాప్ తీసి కంచాలకి చోటివ్వాలి. “ఇంట్లోనే ఉంటావుగా” అని గ్యాస్ బండ రాకా, కరెంటు మనిషి రాకా అన్నీ ఆమె నెత్తినే. ఆ రోజుల్లోనే కంపెనీ ప్రకటన: ఎక్కడి నుంచైనా పనిచేయండి. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మేనత్త కూతురు, అంటే వదిన, ఫోన్లో అంది: “ఎక్కడి నుంచైనా అన్నాక ఇక్కడి నుంచి మాత్రం ఎందుకు కాదే? రెండో గది ఖాళీగా ఉంది, రా.”

వచ్చేసింది. వచ్చిన రెండో వారంలో, తీరిక దొరికి, ఒప్పందం పద్నాలుగో పేజీ చదివింది. ‘ఎక్కడి నుంచైనా’ అంటే, సంతకం పెట్టిన దేశంలో ఎక్కడి నుంచైనా అని అర్థమట.

అప్పట్నుంచి పది నెలలు ఆమె దొంగతనం చేయని దొంగలా బతికింది. వీడియో మీటింగులకి వెనక బూడిదరంగు తెర కట్టేది. కింద ట్రాము గంట మోగగానే మైకు ఆపేది. తమ దేశపు టీం లీడరు “మీవైపు వానలెలా ఉన్నాయండీ?” అని మాటవరసకి అడుగుతుందేమోనని, పళ్ళు తోముకోక ముందే అన్న ఉండే ఊరి వాతావరణం చూసి కంఠతా పట్టేది. ఒకసారి అక్కడ తుపానొచ్చింది. “మీకు కరెంటుందా?” అని లీడరు అడిగితే, అబద్ధం అతికినట్టుంటుందని ఓ గంట లైన్ కట్ చేసుకుని కూర్చుంది. ఆ గంట డబ్బులు పోయాయి. ఇక్కడ ఎండ కాస్తోంది.

ఇక్కడేమో ఆమె సందర్శకురాలు. మూడు నెలలకోసారి దేశం దాటి రావాలి. పొద్దున్న బస్సెక్కి నాలుగు గంటలు ప్రయాణం, సరిహద్దు అవతల బెంచీ మీద కూర్చుని ఒక టీ, మళ్ళీ బస్సు. పాస్‌పోర్టులో కొత్త ముద్ర. “మా మరదలు విదేశాలకెళ్ళి టీ తాగి వస్తుంది, జమీందారీ” అని వదిన వేళాకోళం. మూడోసారి సరిహద్దు అధికారి పేజీలు తిరగేసి, ఇదే ఆఖరు అన్నాడు. మళ్ళీ ఉండాలంటే నివాస అనుమతుల కార్యాలయానికి వెళ్ళి, మీరు చేసే పనేమిటో కంపెనీ ఉత్తరం చూపించాలి. ఈసారి నెల రోజులే గడువు, పందొమ్మిదో తేదీ దాకా. దాటితే ఐదేళ్ళు ఈ దేశం గడప తొక్కనివ్వరు.

ఉత్తరం అడిగితే ఎక్కడున్నదీ కంపెనీకి తెలిసి ఉద్యోగం పోతుంది. అడక్కపోతే గది పోతుంది. బస్టాండు పక్కన ఫొటోకాపీల దుకాణం వాడు “ఏ కంపెనీ ఉత్తరమైనా అరగంటలో” అంటాడని విని, వదినకి చెప్పకుండా వెళ్ళి ఒకటి చేయించుకుంది. పైన గుర్తు, కింద మేనేజరు గారి వంకరటింకర సంతకం, గుండ్రటి స్టాంపు. దాన్ని ఫైల్లో పెట్టి, పందొమ్మిదో తేదీ షిఫ్టుకి సెలవు పెట్టుకుంది.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదీ నలభైకి వదిన డ్యూటీ దిగి వచ్చింది. చెప్పులు విప్పుతూ గదిలోకి తొంగిచూసి నిలబడిపోయింది.

“ఏమే, ఇంకా పెడల్ తొక్కుతున్నావేంటి? ఆఫీసుకి వెళ్ళలేదూ?”

“రేపు కదా వదినా. రేపు సెలవు పెట్టాను.”

“రేపేంటి నీ మొహం! ఇవాళ పందొమ్మిది.”

“పద్దెనిమిది. చూడు, స్క్రీన్ మీద...” అంటూ ఆమె తేదీ మీద వేలు పెట్టింది.

స్క్రీన్ మీద పద్దెనిమిదే. కానీ అది అక్కడి పద్దెనిమిది. ఆమె సెలవు పెట్టిన పందొమ్మిదో తేదీ షిఫ్టు, ఇక్కడి లెక్కలో ఇరవయ్యో తేదీ తెల్లవారుజామున మొదలవుతుంది. లోకంలో తేదీల తప్పులన్నీ దిద్దే మనిషి తన తేదీ తప్పు చూసుకోలేదు.

“టోకెన్లు ఎన్నింటిదాకా?” అని అరిచింది వదిన.

“పన్నెండు.”

“అయితే నన్నేం చూస్తావ్, లే! జుట్టు ట్రాములో దువ్వుకుందువుగాని.”

ఆమె లేచింది. స్క్రీన్ మీద ఆమె పేరు పక్కనున్న పచ్చచుక్క ఐదు నిమిషాల్లో పసుపు తిరుగుతుంది, పావుగంటకి ఎరుపు. ట్రామెక్కేలోపే లీడరు మెసేజి: ఎక్కడున్నారు? ఆమె ఫోను బోర్లా పెట్టింది. ఎదురు సీటులో ఒకాయన ఫోన్లో గబగబా మాట్లాడుతుంటే మడమ టకటకా నేలకేసి కొట్టుకుంటోంది. దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

కార్యాలయం నిండా జనం. ఇళ్ళు కట్టేవాళ్ళు, ముసలివాళ్ళకి సాయం చేసేవాళ్ళు, బళ్ళు తోలేవాళ్ళు. ఈ నగరం పొద్దున్నే లేచి కాళ్ళమీద నిలబడుతున్నదంటే వీళ్ళవల్లే. కానీ ఆ నగరంలో ఉండటానికి అందరి చేతుల్లోనూ ఓ టోకెను చీటీ, ముఖాల్లో తప్పు చేసినవాళ్ళ చూపు. పదకొండూ యాభైకి ఆమె టోకెను అందుకుంది. ఉత్తరాలు చూసే కౌంటరు దగ్గర ఆమె ముందు ఒకే ఒక్కడున్నాడు, బళ్ళకి రంగులు వేసే మనిషట. అతను అద్దం కిందనుంచి ఒక ఉత్తరం తోశాడు.

కౌంటరులో ఉన్న గుమాస్తా దాన్ని చదవలేదు. సొరుగు లాగి ఓ బొత్తి పైకి తీసింది. అన్నీ ఉత్తరాలే. వేరువేరు కంపెనీలు, వేరువేరు గుర్తులు, కింద మాత్రం ఒకటే వంకరటింకర సంతకం.

“ఈ మేనేజరు గారు పాపం ఇరవై రెండు కంపెనీల్లో పనిచేస్తున్నారు. ఎప్పుడు పడుకుంటారో కనుక్కుని చెప్పండి” అందామె, నవ్వకుండా.

రంగులవాడిని పక్కగదికి తీసుకెళ్ళారు. వెళ్తూ అతను గోడనీ నేలనీ చూశాడు గాని మనుషుల్ని చూడలేదు.

ఆమె ఫైలులో చెయ్యి పెట్టింది. ఉత్తరం వేళ్ళకి తగిలింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటి మధ్య గట్టు వెడల్పెంతో ఆ క్షణంలో ఆమెకి తెలిసింది. ఉత్తరాన్ని అక్కడే వదిలి, పది నెలల జీతపు రసీదులు బయటికి లాగింది.

“నా దగ్గర ఉత్తరం లేదండీ. పని ఉంది, ఇవిగో. నేనిక్కడున్నానని వాళ్ళకి తెలీదు. చెబితే తీసేస్తారని చెప్పలేదు.”

గుమాస్తా రసీదులు ఒక్కొక్కటే తిప్పింది. “అంటే, పనిచేస్తున్న చోట మీరున్నట్టు లెక్కలేదు. ఉన్నచోట మీరు పనిచేస్తున్నట్టు లెక్కలేదు.”

“అంతేనండి.”

“గడువులోపే వచ్చారు. రేపొచ్చుంటే నేనేమీ చేయగలిగేదాన్ని కాదు. పద్నాలుగు రోజులిస్తాను. అసలైన ఉత్తరం తెండి. అప్పటిదాకా పాస్‌పోర్టు నా దగ్గరుంటుంది.”

బయటికొచ్చి మెట్లమీద కూర్చుంది. ఫోను తిప్పి చూస్తే పదకొండు మెసేజిలు, అంతలోనే లీడరు ఫోను.

“ఏమైపోయారండీ? ఎరుపు పడి రెండు గంటలు దాటింది! పైవాళ్ళు నన్ను కాల్చుకు తింటున్నారు.”

ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“చూడండి,” అంది లీడరు గొంతు తగ్గించి, “మీరు చెప్పలేదు, నేను వినలేదు. ఒంట్లో బాలేదని రాసేస్తాను. మీరు ఎలాగోలా వెనక్కొచ్చేయండి. అదే బాగుంటుంది.”

“ఎవరికండీ బాగుండేది?”

“అదేంటి, మీకే! ఎక్కడో ఒకచోట ఉద్యోగమన్నా ఉంటుంది కదా.”

“నేను రాసిస్తానండీ. మీరు విననట్టే ఉండండి.”

ఆ మధ్యాహ్నమే కంపెనీకి నేరుగా మెయిలు పెట్టింది. పది నెలలుగా ఇక్కడున్నాను, పనిలో లోపముంటే చూపించండి, లేదంటే నేను మీకు పనిచేస్తున్నానని రెండు వాక్యాలు రాసివ్వండి. జవాబు రాలేదు. మర్నాడు, సెలవైనా సరే, తెల్లవారి ఐదింటికి స్క్రీన్ తెరిస్తే పచ్చా లేదు పసుపూ లేదు. ‘మీ ఖాతా పరిశీలనలో ఉంది.’

“అంటే తీసేశారా?” అంది వదిన.

“తీసేశామని చెప్పడానికి ముందు నన్ను పెట్టుకున్నామని ఒప్పుకోవాలిగా.”

వదిన ఆసుపత్రి నర్సుల సంఘంలో ఉంది. అక్కడ రెండు పూటల డ్యూటీకి ఒక పూట లెక్క వేస్తే, ముప్పైమంది టోపీలు తీసి సూపర్నెంటు బల్లమీద పెట్టి వచ్చిన చరిత్ర ఆమెది. “నువ్వొక్కదానివే అయితే చీమ కుట్టినట్టు దులిపేస్తారే” అంది. “మీవాళ్ళు ఎంతమంది?”

“అరవై.”

“ఎవరెక్కడున్నారో తెలుసా?”

ఆమెకి తెలీదు. ఆరేళ్ళుగా అరవైమందీ ఒకరికొకరు పచ్చచుక్కలే. ఉద్యోగం మొదట్లో కొందరు కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపొకటి ఉంది, పుట్టినరోజు శుభాకాంక్షలకి తప్ప పనికిరానిది. అందులో తన సంగతంతా రాసి పెట్టింది. ఒక గంట ఎవరూ పలకలేదు. తప్పు చేశానేమో, అందరి కొంపా ముంచానేమో అనుకుంటూ ఆమె గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తర్వాత విడివిడిగా, గ్రూపులో కాకుండా, మెసేజిలు మొదలయ్యాయి. ‘నేనూ ఆరు నెలలుగా వేరే దేశంలోనే.’ ‘మా ఆయన ట్రాన్స్‌ఫర్, చెప్పలేదు.’ ‘మా అబ్బాయి వైద్యానికి వచ్చి ఉండిపోయా, నా వెనక కూడా బూడిదరంగు తెరే.’ రెండు రోజుల్లో ఆరుగురు తేలారు. నాలుగో రోజు ఏడో మనిషి ఫోన్ చేసింది. లీడరు.

“వానలెలా ఉన్నాయని మిమ్మల్ని ఊరికే అడిగేదాన్ని కాదండీ,” అందామె. “మీరు చెబితే విని, పైవాళ్ళకి నేనూ అదే చెప్పేదాన్ని. నేనక్కడ లేక ఏడాదైంది.”

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “నేను గూగుల్లో చూసి చెప్పేదాన్నండీ.”

“ఓరి దేవుడా!”

ఎనిమిది సంతకాలతో ఉత్తరం వెళ్ళింది. అడిగింది ఒకటే: మేమెక్కడున్నామో దాచుకోకుండా పనిచేయనివ్వండి. ఆ తర్వాత రోజులు ఆమె పీక మీద కూర్చున్నాయి. ఆరో రోజు, ఏడో రోజు. ఇద్దరు భయపడి పేర్లు తీసేయమన్నారు. ఆమె కారణం అడగలేదు, తీసేసి ఉత్తరం మళ్ళీ పంపింది. భయం ఎంత బరువో మోసినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. వదిన ఇంట్లో లేనప్పుడు రెండుసార్లు సూట్‌కేసు మంచం కిందనుంచి లాగి, మళ్ళీ లోపలికి తోసింది.

పన్నెండో రోజున జవాబొచ్చింది. దయ కలిగి కాదు. సంతకాలు పెట్టినవాళ్ళ ఖాతాలూ ఆపేసరికి దిద్దేవాళ్ళు చాలక ఆసుపత్రుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయని లీడరు తర్వాత చెప్పింది. మీరున్న దేశం నుంచి పనిచేసేందుకు అభ్యంతరం లేదు, అయితే గంట రేటు పదోవంతు తగ్గుతుంది, సమ్మతమైతే సంతకం చేయండి. కింద రెండు వాక్యాల ఉత్తరం, నిజమైన సంతకంతో.

“పదోవంతు దేనికంట?” అని వదిన మండిపడింది. “నువ్వు ఇక్కడ కూర్చుని దిద్దితే అక్కడి రోగులకి పదోవంతు తక్కువ నయమవుతుందా?”

“దాని సంగతి తర్వాత వదినా. ముందు పాస్‌పోర్టు” అంటూ ఆమె సంతకం పెట్టింది.

కౌంటరులో అదే గుమాస్తా. ఉత్తరం మీదున్న చిరునామాకి అప్పటికప్పుడు మెయిలు పెట్టి, జవాబొచ్చేదాకా ఆమెని నలభై నిమిషాలు నిలబెట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆమె పక్కగది తలుపు వైపు చూడకుండా ఉండలేకపోయింది. రంగులవాడు ఏమయ్యాడని అడగబోయి, అడిగే హోదా తనకి లేదనుకుంది. ఆ వెంటనే, ఎందుకు లేదు అనుకుంది.

“మొన్న నా ముందు నిలబడ్డ ఆయన...”

“పంపించేశారు,” అంది గుమాస్తా తలెత్తకుండా. “వాళ్ళ యజమాని ఉత్తరం ఇవ్వనన్నాడు.”

పాస్‌పోర్టు అద్దం కిందనుంచి ఇవతలికి వచ్చింది. ఆరు నెలలు. అది అందుకుని, కదలకుండా నిలబడి, వెనక మనిషి దగ్గుతున్నా పట్టించుకోకుండా ఆమె అడిగింది: “ఉత్తరం ఇవ్వనన్న యజమాని మీద ఫిర్యాదు చేయాలంటే ఎన్నో నంబరు కౌంటరండీ?”

గుమాస్తా మొదటిసారి తల ఎత్తి చూసింది.

“అలాంటి కౌంటరు లేదు” అంది.