వీల్లేదమ్మ తిప్పని టెలిస్కోపు

ఆఫీసులో ఆమెకు చాటుగా పెట్టిన పేరు వీల్లేదమ్మ. చాటుగా అన్నమాటే గానీ, అది ఆమె చెవిన పడని రోజు లేదు. పడినా ఉలకదు, పలకదు. భూమి చుట్టూ తిరిగే పెద్ద టెలిస్కోపు ఎప్పుడు ఏ దిక్కు చూడాలో వారం వారం పట్టీ వేసే పని ఆమెది. ఎక్కడెక్కడి పరిశోధకులో “కాస్త మా గెలాక్సీ వైపు కూడా తిప్పండి మేడమ్” అని బతిమాలుతారు. చాలామందికి దొరికే జవాబు ఒకటే.

ఆమె అక్క మొగుడు అక్కడే పెద్ద శాస్త్రవేత్త. ఆయన వేట గామా కిరణాల మెరుపులు. ఎక్కడో ఒక మహా నక్షత్రం కుప్పకూలినప్పుడు కాసేపు మెరిసి ఆరిపోయేవి. వాటిని కనిపెట్టే ఉపగ్రహం వేరే ఉంది. అది కబురు పంపగానే పెద్ద టెలిస్కోపును అటు తిప్పితే, మెరుపు పోయాక మిగిలే వెలుగు చిక్కుతుంది. కొలిమిలోంచి తీసిన ఇనుములా అదీ గంటగంటకూ చల్లారిపోతుంది.

ఆమె ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంటర్వ్యూ చేసినవాళ్లలో బావగారూ ఉన్నారు. “మా మరదలని కాదు గానీ, లెక్క అప్పజెబితే చేస్తుంది. కొత్తగా ఆలోచించే బుర్ర కాదు” అన్నారట. పరిశోధన ఆమెకు దక్కలేదు, పట్టీలు దక్కాయి. ఆ మాట ఆయనే ఒకనాడు భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పారు. అక్క కూడా నవ్వింది. బావగారి మాటకన్నా ఆ నవ్వే లోతుగా దిగింది.

ఏళ్లు గడిచాక ఒక పొద్దున బావగారు తలుపైనా తట్టకుండా ఆమె గదిలోకి వచ్చేశారు.

“తిప్పు. ఇంత పెద్ద మెరుపు నా జన్మలో చూడలేదు.”

“ఎక్కడుందో చూశారా? సూర్యుడి పక్కన.”

“పక్కనే, గీత దాటలేదుగా!”

సూర్యుడికి మరీ దగ్గరగా తిప్పితే టెలిస్కోపు కళ్లు మాడిపోతాయి. అందుకని ఒక గీత పెట్టుకున్నారు. ఈ మెరుపు గీతకు ఇవతలే, అంచు మీద ఉంది. అంచు మీద ఉన్నప్పుడు తిప్పాలా వద్దా అన్నది పట్టీ వేసేవాళ్ల ఇష్టం. ఆమె లెక్క చూసుకుంది. తిప్పవచ్చు, ప్రమాదమేమీ లేదు.

“వీల్లేదు” అంది.

“సూర్యుడి పక్కన గనక నేలమీది టెలిస్కోపులకు కనబడదు. నువ్వు కాదంటే ప్రపంచంలో ఇంకెవరూ చూడలేరు. తెలుసా?”

“తెలుసు.”

“నామీద కసి దానిమీద తీర్చుకుంటావా?”

“టెలిస్కోపు మాడిపోతే ఇంకోటి మీరు కొనిస్తారా, సార్?”

ఆయన డైరెక్టరు దగ్గరికి పరుగెత్తారు. డైరెక్టరు గోడమీది పిల్లి. “అంచు విషయంలో ఆవిడదే చివరిమాట” అని చేతులు దులుపుకున్నాడు. భూమి పుట్టకముందు బయల్దేరిన వెలుగు ఇంతదూరం వచ్చి, ఎవరి కంటా పడకుండా దాటిపోయింది.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది.

“ఏమే, ఆయన ముద్ద ముట్టలేదు. నిజం చెప్పు, తిప్పగలిగేదానివేనా?”

“తిప్పగలిగేదాన్నే.”

“ఇంక నా గడప తొక్కకు” అని అక్క ఫోను పెట్టేసింది.

బావగారు ఊరుకునే రకం కాదు. కమిటీ వేయించి, వాదించి, పోట్లాడి, ఇకమీదట మెరుపు కబురు రాగానే టెలిస్కోపు తనంతట తానే తిరిగే ఏర్పాటు చేయించారు. మొదటిసారి అలా తిరిగిన రోజున ఆయనకు కావలసిన వెలుగు దొరికింది. ఆమె వారం పట్టీ మాత్రం చీలికలు పేలికలైంది. దానికి అతుకులు వేయడానికి వెళుతుంటే లిఫ్టులో ఆయనే ఎదురయ్యారు.

“ఈసారి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.”

“అడగడం మీకెప్పుడొచ్చు గనక, బావగారూ?”

లిఫ్టు ఆగేదాకా ఇద్దరూ తలుపునే చూస్తూ నిలబడ్డారు.

మంచాన పడ్డ అమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె ఆఫీసులో ఉన్న వేళ చూసుకుని అక్క వచ్చి పోతోంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ పక్కమీద దుప్పటి మారి ఉంది, మందులు వరసగా సర్ది ఉన్నాయి.

“అక్క వచ్చి వెళ్లిందే” అంది అమ్మ.

“కాస్త ఇటు ఒత్తిగిలమ్మా, దుప్పటి మళ్లీ పరుస్తాను.”

“బాగానే పరిచింది కదే!”

“బాగాలేదు” అని ఆమె దుప్పటి కొసలు పట్టి లాగింది.