ఆఖరి బోల్టు

గురువారం మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఇప్పుడు మేముంటున్న హారిసన్‌లో, మా వంటింట్లో నిలబడి విన్నాను. ఏడుపు కంటే ముందు సిగ్గేసింది. చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళూ దాచుకున్నదాన్ని.

సిడ్నీలో చదువుకునే రోజుల్లో పెండిల్ హిల్‌లో వాళ్ళింట్లో గది అద్దెకు తీసుకున్నాను. అంకుల్‌ది తెనాలి వైపు, బస్సు డిపోలో మెకానిక్. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి గ్యారేజీలో దూరేవారు. అక్కడ ఆయన సొంతంగా తయారుచేసుకుంటున్న మోటార్ సైకిల్ ఉండేది. దక్షిణ ఆస్ట్రేలియాలో ఎండిన ఉప్పు సరస్సు మీద ఏడాదికొకసారి ఒక్కొక్కరే బండి తోలి వేగం కొలిపించుకుంటారు. బహుమతేమీ ఉండదు. ఈయన ఆ ఒక్క నిమిషం కోసం పాత కారుతోనే నెట్టుకొచ్చారు, లీవులన్నీ దాచుకున్నారు.

"మా చెల్లి పెళ్ళికి లీవు లేదన్నారు. ఉప్పులో దొర్లడానికి మాత్రం ఉంటుంది," అని ఆంటీ దెప్పేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. మొదటి ఏడు వాన పడి సరస్సు నిండింది. రెండో ఏడు ఇంజిన్ పాడైంది. "తొందరున్నవాడు రేసుకి పనికిరాడమ్మా," అంటూ మళ్ళీ మొదటి నుంచి విప్పుకున్నారు.

మూడో ఏడు నేనూ వస్తానన్నాను. ఆ రేసులో ముఖ్యమైన ప్రతి బోల్టుకీ, వదులవకుండా, సన్నటి స్టీలు తీగ మెలిపెట్టి కట్టాలి. ఆయన మెలికలు జడ అల్లినట్టుండేవి. కాస్త వంకరపోయినా విప్పి మళ్ళీ కట్టేవారు. "నువ్వూ వస్తున్నావుగా, ఇంజిన్ కింద ఈ నాలుగూ నువ్వు కట్టు," అన్నారు. మూడు కట్టాక నేను పనిచేసే హారిస్ పార్క్ రెస్టారెంట్ నుంచి ఫోన్, వెంటనే షిఫ్టుకి రమ్మని. వచ్చాక కట్టొచ్చులే అనుకుని, "అయిపోయింది అంకుల్," అని పరిగెత్తాను. వచ్చాక మర్చిపోయాను. ఛీ, ఏం బుద్ధి నాది! నేను అయిపోయిందన్నాను కాబట్టి ఆయన మళ్ళీ చూసుకోలేదు.

ఆంటీకి డ్యూటీ ఉండి రాలేదు, పులిహోర కట్టిచ్చారు. ట్రెయిలర్ లాక్కుంటూ రెండు రోజులు ప్రయాణం చేశాం. అక్కడ తడి ఆరక ట్రాక్ తెరవలేదు. చివరికి ఆఖరి రోజు పొద్దున చెకింగ్‌కి పిలిచారు. చెక్ చేసే పెద్దాయన టార్చి పట్టుకుని బండి పక్కన ఉప్పు మీద పడుకున్నాడు.

"ఒకదానికి వైర్ లేదు మేట్. కట్టుకుని మళ్ళీ లైన్ చివర్నుంచి రా."

అంకుల్ నా మొహం చూశారు. "మై ఫాల్ట్ మేట్," అన్నారు ఆయనతో. కటింగ్ ప్లయర్ నా చేతిలో పెట్టి, "కానీయమ్మా, కంగారు పడకు," అన్నారు. చేతులు వణుకుతూనే కట్టాను.

మా ముందు ఇంకా మూడు బండ్లుండగా గాలి లేచింది. ట్రాక్ మూసేశారు. ఆయన లెదర్ సూట్ విప్పి, మడతపెట్టి, పులిహోర డబ్బా తీశారు.

"ఆంటీకి గాలి అని చెబుదాం. అబద్ధమేం కాదుగా," అన్నారు దారిలో. నేను సరేనన్నాను. ఆ ఇంట్లో ఉండాల్సినదాన్ని కదా, భయపడ్డాను. మరుసటి ఏడు షుగర్ ఆయన కళ్ళకు పాకింది, రేసుకి పనికొస్తారని డాక్టరు సంతకం పెట్టలేదు. బండి ఇక గ్యారేజీ దాటలేదు.

సమాధి కార్యక్రమం అయి ఇంటికొచ్చాక ఆంటీ గ్యారేజీలో ఆ బండి మీద చెయ్యి వేసి, "ఆ పాడు గాలి రాకపోయుంటే ఒక్కసారైనా తోలేవారే," అని ఏడ్చారు. ఇక నా వల్ల కాలేదు.

"గాలి కాదు ఆంటీ, నేను." అంతా చెప్పేశాను.

ఆవిడ బండి మీంచి చెయ్యి తీసేశారు. "ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదే ఆయన," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ కోపం నా మీదో, ఆయన మీదో ఇప్పటికీ నాకు తెలియదు.

నేను గచ్చు మీద పడుకుని ఇంజిన్ కింద చూశాను. నేను కట్టిన మొదటి మూడూ తర్వాతెప్పుడో విప్పి, కొత్త తీగతో జడలా అల్లుకున్నారాయన. నాలుగోదాని జోలికి మాత్రం వెళ్ళలేదు. ఉప్పు మీద వణుకుతూ కట్టిన ఆ వంకర మెలిక అలాగే ఉంది.