పోటు మీద సముద్రం

మాది బెల్లంకొండ. కృష్ణకు వరదొచ్చి ప్రాజెక్టు గేట్లు ఎత్తారంటే మాకది తిరనాళ్ళతో సమానం. ఆ ఏడు కూడా నేనూ మా ఆయనా బండి మీద చూడ్డానికి వెళ్ళాం. తుంపర్లు మొహాన కొడుతుంటే, మొక్కజొన్న కంకి తింటూ మా చెల్లెలికి వీడియో కాల్ చేశాను. తనను ఇచ్చింది కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఏటి కట్ట పక్కనున్న చిన్న ఊళ్ళో.

"చూడవే, ఎన్ని నీళ్ళో!" అన్నాను.

చెల్లి మొహంలో నవ్వు లేదు. "అక్కా, అమావాస్య ఎప్పుడు?" అంది.

"రేపేగా. ఏందే?"

"రేపు సముద్రం పోటు మీదుంటది. ఈ నీళ్ళు మా దగ్గరకొచ్చేదీ రేపే. సముద్రం తీసుకోదక్కా, ఎనక్కి నెడతది. సామాను పైకెక్కించుకోవాలి, ఉంటా."

కంకి పక్కన పడేశాను. వరదంటే వచ్చి పోయేదనే అనుకున్నాను. పోయే దారే మూసుకుపోతుందని ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు.

మర్నాటి నుంచి ఫోన్ కలవలేదు. రోడ్డు తేలిందని తెలియగానే బయల్దేరాం. ఇంటి గోడల మీద నా నడుం ఎత్తున బురద చార. మనుషులు మాత్రం క్షేమం. చెల్లి టీ ఇచ్చింది. ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాను. ఉప్పు!

"బోరులోకి సముద్రం దిగిందక్కా," అంది మామూలుగా.

బయట ఎండ కాస్తోంది. మబ్బు తునక లేదు. మురుగు కాలవలో నీళ్ళు మాత్రం సముద్రం వైపు నుంచి ఊళ్ళోకి ఎదురు నడిచి వస్తున్నాయి. మా ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోటు వేళ వదినా," అన్నాడు చెల్లెలి మొగుడు. "పోటును ఆపే కాలవ తలుపులు తుప్పు పట్టి మూసుకోవట్లేదు. నా చిన్నప్పుడు ఇంత లోపలికి వచ్చేది కాదు."

ఏటి కట్ట రెండుచోట్ల తెగింది. రెండూ రొయ్యల చెరువుల కోసం, ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు కొట్టేసిన చోట్లే. చెట్లున్న వైపు కట్ట చెక్కుచెదరలేదు.

"మా ఊరొచ్చెయ్యండే," అన్నాను ఏడుస్తూ.

"పొలాన్ని నెత్తిన పెట్టుకొని రమ్మంటావా?" అంది చెల్లి.

దీపావళి అయ్యాక మళ్ళీ వెళ్ళాం. అప్పటికి ఊరివాళ్ళు పట్టుబట్టి కాలవకు కొత్త తలుపులు పెట్టించారు. కట్ట తెగినచోట ఆడా మగా మడ మొక్కలు నాటుతున్నారు. ఏటా మిరపనారు వేసే మా ఆయన కూడా మోకాటి లోతు బురదలో దిగాడు. అన్నాలు తిని వచ్చి చూస్తే మొక్కల్లేవు. అంతా నీళ్ళే.

"అయ్యయ్యో, మొత్తం మునిగిపోయినయ్!" అని కేక పెట్టాడు.

"పోటుకి మునగాల్సిందే బావా. పొద్దుగూకేలోపు తేల్తయ్," అంది చెల్లి.

ఆయన నమ్మలేదు. కట్ట మీద కూలబడి, నీళ్ళు దిగి మొదటి ఆకు బయటపడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.