మొదటి మాట నాకు దక్కిన శుక్రవారం

ఇన్నేళ్లుగా ఒక చిన్న వాక్యాన్ని గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడుపడదు, బయటికి రాదు. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీకు నా ముఖం కనబడదు గనుక.

గుడ్ ఫ్రైడే నాడు మా గుడిలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. మొదటిది క్షమాపణ మాట. తనకు మేకులు కొట్టినవాళ్ల కోసం ఆయన తండ్రిని వేడుకున్న మాట. అది ప్రతి ఏడూ దేవదానం అన్నకే. వరసకు అన్న, దొర ట్రాక్టరు నడిపేవాడు. చదువు అంతంతమాత్రం. అయినా ఆయన నోరు విప్పితే ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవారు. నాకు మాత్రం అయిదో మాటో, ఆరో మాటో. అప్పటికి ఉపవాసాలున్న జనానికి ఆవలింతలే.

ఒక ఏడు, సరిగ్గా గుడ్ ఫ్రైడేకి ముందు ఉపవాసాలుండే శ్రమల దినాల్లో, దొర తల్లి పోయింది. అస్థికలు గోదావరిలో కలపడానికి ఆ ఇంటివాళ్లను అన్న ధర్మపురికి తీసుకుపోయాడు. ఆ రోజు నేనూ పని మీద అక్కడే ఉన్నాను. వాళ్ల ఇత్తడి చెంబు చేయి జారి నీళ్లలో పడింది. ఎవరో కేకేస్తే అన్న చొక్కాతోనే దిగి, మునిగి, వెతికి తెచ్చాడు. అంతా చూశాను. నవ్వుకున్నాను కూడా.

సంఘం పెద్దల ముందు మాత్రం ఒక్క ముక్కే చెప్పాను. "అన్న గోదావరిల మునుగుతుంటె నా కండ్లార జూసిన."

అబద్ధమా? కాదు. అందుకే కదా అంత ధైర్యంగా చెప్పగలిగాను! ఆయన మళ్లీ పాత దేవుళ్ల వైపు మళ్లుతున్నాడేమోనని నాకు నిజంగానే అనుమానం ఉండేదని ఇన్నాళ్లూ నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఉండేదా? లేక ఆ మొదటి మాట మీద ఆశతో అనుమానాన్ని నేనే పెంచి పోషించానా?

నా ముక్కతో అది పుణ్యస్నానమేనని తేల్చుకున్న పెద్దలు, అన్న చెంబు సంగతి చెబితే నవ్వారు. తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల దగ్గరికి, ఆ రొట్టె ముక్కకూ ద్రాక్షరసానికీ రావద్దన్నారు. గురువారం సాయంత్రం బల్ల ఉందనగా ఆయన నా వాకిట్లోకి వచ్చాడు.

"తమ్మీ, నువ్వు గాడనే ఉంటివి గద. చెంబు కోసమే దిగిన్నని జర పాస్టరు అయ్యగారికి చెప్పు."

"నాకేమెర్క అన్నా? మునుగుడు జూసిన, గంతే."

"సరే తియ్," అని వెళ్లిపోయాడు.

మర్నాడు మొదటి మాట నాకిచ్చారు. నిర్దోషి మీద సాక్ష్యం పలికినవాళ్లను కూడా క్షమించిన దినం గనుకనే ఇది మంచి శుక్రవారం అన్నాను. చివరి చాప మీద అన్న కూర్చుని విన్నాడు. ఆరాధన అయ్యాక నా చేయి పట్టుకుని, "మంచిగ చెప్పినవ్ తమ్మీ," అన్నాడు.

ఆ మాట నన్ను బతకనివ్వలేదు. వెక్కిరించాడా? క్షమించాడా? అయ్యగారి చెవిన ఏమైనా వేశాడా? అయ్యగారు దగ్గినా నన్ను ఉద్దేశించేనేమో అనుకునేవాణ్ణి. ఎండాకాలం అన్న మామిడిపండ్లు పంపితే, ఏం మనసులో పెట్టుకుని పంపాడోనని పక్కింటికి ఇప్పించాను. మంచితనాన్ని కూడా శంకించే బుద్ధి, ఛీ, నాకెక్కడిది?

అన్న మళ్లీ బల్ల దగ్గరికి రాకుండానే పోయాడు. సమాధి దగ్గర కూడా నేను నోరు మెదపలేదు. ఇప్పటికీ మొదటి మాట నాదే. మొన్న శుక్రవారం జనం ఏడుస్తుంటే, నిజంగానే ఏడుస్తున్నారా అని వేళ్ల సందుల్లోంచి చూశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ వాక్యం బయటపెడితే చాలు. దేవదానం అన్న చెంబు కోసమే నీళ్లలో దిగాడు. నేను చూశాను.