అల్ ఖోర్‌కి మాంసం గిన్నెతో

సుజాతక్క ఖతర్ వదిలి కడపకి వెళ్ళిపోతోందని తెలిశాక, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒకప్పుడు ఒకే బిల్డింగులో ఉన్నవాళ్ళమంతా అల్ ఖోర్‌లో రమణి ఇంట్లో కలవాలనుకున్నాం. ఇరవై మందికీ మాంసం నేను తెస్తానన్నాను. ఆ బిల్డింగులో సెలవు రోజొస్తే అందరికీ వండిపెట్టింది సుజాతక్కే. పోయినేడు వాళ్ళాయన మోహనన్న గుండెపోటుతో పోయాక, నలుగురి కోసం ఆవిడ పొయ్యి వెలిగించలేదు.

శనివారం తెల్లారగానే గొర్రె తొడలకి వెల్లుల్లి, మిరియాలు పట్టించి కరెంటుతో నడిచే పెద్ద స్లో కుక్కర్‌లో పెట్టాను. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ నర్సు నేర్పిన వంట ఇది. వాళ్ళు పంది మాంసంతో చేస్తారు. సన్నని సెగ మీద గంటల తరబడి మగ్గితే ముక్క పీచుల్లా విడిపోతుంది. మా ఇంట్లో సగం ఉడికించి, అక్కడికెళ్ళాక పూర్తిగా మగ్గించాలనుకున్నాను.

మా ఆయనకి డ్యూటీ. ఒక్కదాన్నే పదింటికి అల్ సద్‌లో మెట్రో ఎక్కాను. టికెట్టు రెండు రియాళ్ళు. కుక్కర్ మూత తాడుతో బిగించి, తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కనున్న మలయాళీ పెద్దాయన వాసన పట్టేశాడు.

"బిర్యానీయా?" అన్నాడు హిందీలో.

"కాదండీ, మాంసం. ఇంకా ఉడకాలి."

"మంచిదే. ఉడికుంటే నేను దిగేవాణ్ణి కాదు," అని నవ్వి దిగిపోయాడు.

మధ్యలో రైలు మారి, లుసైల్‌లో దిగి, అల్ ఖోర్ బస్సు పట్టుకున్నాను. రోడ్డుకి రెండు పక్కలా ఇసకే. మోహనన్న మమ్మల్నందర్నీ కంపెనీ వ్యానులో కుక్కి ఈ దారినే సముద్రానికి తీసుకెళ్ళేవాడు. దారంతా పాటలే. ఆయన గొంతు అస్సలు బాగుండేది కాదు.

ఒకచోట బస్సు గట్టిగా బ్రేకు వేసింది. కుక్కర్ ఒళ్ళోంచి జారి కింద పడింది. తాడు ఉండబట్టి మాంసం దక్కింది. రమణి ఇంట్లో ప్లగ్గు పెడితే మాత్రం కుక్కర్ లైటు వెలగలేదు. ముక్క ఇంకా గట్టిగానే ఉంది. హాల్లో జనం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ప్రెషర్ కుక్కర్లో పడేద్దామా?" అంది రమణి.

"వద్దు మే! ముద్దయిపోతాది," అని వెనకనించి గొంతు వినిపించింది. సోఫాలో మాటాపలుకూ లేకుండా కూర్చున్న సుజాతక్క లేచి వచ్చింది. చీర కొంగు దోపుకుంది. "మందపాటి గిన్నె ఇయ్యి. గోధుమపిండి తడుపు."

మాంసం గిన్నెలోకి మార్చి, అంచు చుట్టూ పిండి పెట్టి మూత మూసి, సన్నటి మంట మీద పెట్టింది. ఆకలేసిన పిల్లలకి పెరుగన్నం పెట్టాం. మేమంతా వంటింట్లోనే నేల మీద కూర్చున్నాం. మూత తీసేసరికి మూడు దాటింది. ఫోర్కు తగిలితే చాలు, మాంసం విడిపోయింది. ఖుబ్జ్ రొట్టెల్లో పెట్టి అందరికీ తనే పంచింది. చివరికి గిన్నె అడుగు గీరి, "ఆయనుంటే ఇది ఎవరికీ దక్కనిచ్చేవాడు కాదు," అంది. ఏడాదిగా ఆవిడ నోట ఆయన మాట రావడం అదే మొదలు.

సాయంత్రం తిరుగు బస్సులో, రైల్లో సుజాతక్కవీ నావీ పక్కపక్క సీట్లు. మోహనన్న పెళ్ళిచూపుల్లో పాడిన పాట సంగతి మొదలుపెట్టి, తను మధ్యలోనే నవ్వేసింది. నేను రైలు మారాల్సిన స్టేషన్ వచ్చింది.

"దిగవా?" అంది.

"ముందు పాట సంగతి చెప్పు," అన్నాను. అల్ ముంతజాలో ఆవిడ ఇంటి గుమ్మం దాకా చెబుతూనే ఉంది.